ఫైలకాలో బాణాలు తిరగబడిన శుక్రవారం

గైడంటే చరిత్ర తెలిసినవాడని మీరు అనుకుంటున్నారు కదా. ఆ భ్రమ మొదటి ట్రిప్పుకే వదిలిపోతుంది. కువైట్‌లో గైడంటే నీడ ఎక్కడుందో, మరుగుదొడ్డి ఎక్కడుందో, తిరుగు పడవ ఎప్పుడుందో తెలిసినవాడు. చరిత్ర ఆ తర్వాత, ఎవరైనా అడిగితే. ఎవరూ అడగరు.

మాది కోనసీమ, ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. కువైట్ సిటీలో షర్క్ అనే పేటలో, చేపల మార్కెట్టుకి కూతవేటు దూరంలో ఉన్న ఒక చిన్న టూరు ఆఫీసులో పని చేశాను. ఎలా చేరాను, ఎలా పైకొచ్చాను అన్న సంగతులు వదిలేస్తున్నాను. పైకి రాలేదు కాబట్టి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు కూడా. ఇప్పుడు నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి, గడువు ముగుస్తోంది, మళ్ళీ కొట్టించుకునే ఓపిక లేదు. వెళ్ళిపోయే ముందు, ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి పనికొచ్చే నాలుగు ముక్కలు రాసిపెడదామని కూర్చున్నాను.

మేము జనాన్ని తీసుకెళ్ళేది ఫైలకా దీవికి. పడవలో గంట పైనే పడుతుంది. అక్కడ రెండు వేల ఏళ్ళు దాటిన గ్రీకుల కోట ఉంది, ఆ కోటలో ఒక చిన్న గుడి ఉంది. ఉంది అంటే పునాది ఉంది. గోడలు మోకాలెత్తు. రెండు స్తంభాల అడుగు భాగాలు, ఎదురుగా బలిపీఠం అని చెప్పే ఒక రాతి గట్టు. అంతే. ఇది చూపించడానికి మనిషిని ఎండలో నడిపించి, చివరికి అతను తిట్టకుండా తిరిగి పడవెక్కేలా చూడటమే ఈ వృత్తి.

"ఇది రోమన్లదా?"

మీరు ఎక్కువసార్లు వినబోయే ప్రశ్న ఇదే. కాదు, గ్రీకులది, రోమన్లు ఇక్కడ కట్టింది ఏమీ లేదు అని చెప్పండి. మొహం మాడ్చుకుంటారు. సినిమాల్లో చూసినది రోము కాబట్టి రోమే కావాలి. ఒక ఇటలీ పెద్దాయన మాత్రం తెగ సంతోషించాడు. వాళ్ళ ఊరి పక్కన రోమన్ల కన్నా ముందు ఎట్రుస్కన్లు అని ఒక జనం ఉండేవాళ్ళట, వాళ్ళ సమాధుల్లో ఇప్పుడు రైతులు ద్రాక్షసారా పీపాలు పెట్టుకుంటారట. "మా ఊరికీ ఎవరూ రారు, మీ దీవికీ ఎవరూ రారు" అని నా భుజం తట్టాడు. నా సర్వీసులో ఒక యాత్రికుడు నాకు చెప్పిన అత్యంత ఆత్మీయమైన మాట అది.

ఇంకో సంగతి. ఎక్కువమంది ఫోటోలు దిగేది కోట దగ్గర కాదు. 1990 నాటి యుద్ధంలో తూటాలు తగిలి జల్లెడలా అయిపోయిన పాత ఇళ్ళ దగ్గర. ఆ యుద్ధం రోజుల్లోనే దీవి జనమంతా ఊరు విడిచి వెళ్ళారు, మళ్ళీ కాపురాలు పెట్టలేదు. ఆ ఇళ్ళు కోట కన్నా ఎత్తుగా ఉంటాయి, కాబట్టి ఎక్కువ పురాతనమైనవని జనం నమ్మకం. ఒకసారి ఒకావిడ అలాంటి గోడకి ఆనుకుని వయ్యారంగా నిలబడి, పక్కనున్న మా ఓనరుని "ఇది రోమన్లదా?" అని అడిగింది.

"కాదు," అన్నాడాయన. "మా అమ్మ వంటిల్లు."

అబూ సాలెం

ఆ ఓనరే అబూ సాలెం. ఫైలకాలో పుట్టినవాడు. మనిషి మంచివాడేగానీ నోరు మంచిది కాదు. కేకలు వెయ్యకుండా ఆయన మంచినీళ్ళు కూడా అడగలేడు. అరబ్బీలో మొదలుపెట్టి, కోపం పెరిగేకొద్దీ హిందీలోకి దిగి, నాకు బాగా అర్థం కావాలనుకున్నప్పుడు రెండూ కలిపి తిట్టేవాడు.

ఆయనకి రెండు పట్టింపులు. ఒకటి, పడవ. చెప్పిన వేళకి పడవ కదలాలి, ఎవరికోసమూ ఆగకూడదు. సొంత బావమరిది మూత్రానికి వెళ్ళి ఆలస్యంగా వస్తుంటే, గట్టు మీద అతను చేతులూపుతున్నా చూస్తూ చూస్తూ దీవిలో వదిలేసి వచ్చాడు. ఆ చుట్టరికం ఇప్పటికీ పూర్తిగా అతకలేదని ఆఫీసులో చెప్పుకుంటారు.

రెండోది, బాణాలు. కోట చుట్టూ నడిచే దారికి రెండు వైపులా తాడు కట్టించి, పర్మిషన్లు తెచ్చుకుని, బాణం గుర్తుల బోర్డులు పెట్టించాడు. లోపలికి రాగానే కుడి చేతి వైపుకి తిరిగి, కోట ఎడమ పక్కన ఉండేలా చుట్టి రావాలి. ఆ బోర్డుల్ని ఆయన కొత్త కారుని తుడుచుకున్నట్టు తుడుచుకునేవాడు. శుక్రవారాలు మాతో పాటే దీవికి వచ్చి, వాళ్ళ అమ్మ వంటిల్లు ఉన్న ఇంటి గడప మీద కాసేపు ఒక్కడూ కూర్చుని, పడవ వేళకి మమ్మల్ని తోలుకుపోవడానికి కోట దగ్గరికి వచ్చేవాడు.

కొబ్బరికాయ

తెలుగువాళ్ళని కూడా తీసుకురావాలన్న ఆలోచన ఆయనదే. ప్రచారం నాది. వాట్సాప్ గ్రూపుల్లో నా గొంతుతో ఒక మెసేజీ పెట్టాను: సముద్రంలో ప్రయాణం, దీవి, ఒంటెలు, బిర్యానీ, రెండు వేల ఏళ్ళనాటి గుడి. అందులో ఒక్క అబద్ధం లేదు. కానీ కువైట్‌లో మనవాళ్ళకి గుడి అన్న మాట చెవిన పడితే ఏమవుతుందో నేను ఆలోచించలేదు. గోపురం చూసి ఏళ్ళూ పూళ్ళూ అయినవాళ్ళు అది విని ఒంటెల సంగతే మర్చిపోయారు.

ఆ శుక్రవారం పడవలో నా పక్కన నాగమ్మ కూర్చుంది. రాయచోటి దగ్గరామె, జాబ్రియాలో ఒక ఇంట్లో పని. పట్టుచీర, తల్లో మల్లెపూల బదులు ప్లాస్టిక్ పూలు, ఒళ్ళో సంచి. ఆ సంచిని బిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంది.

"అన్నా, మనం పోయేసరికి గుడి తలుపులు మూసేస్తారేమో?"

"తలుపుల్లేవు నాగమ్మా."

"అయితే మంచిదే. ఎప్పుడన్నా పోవచ్చు."

తలుపులతో పాటు గోడలు, కప్పు కూడా లేవని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎందుకంటే ఈలోగా ఆవిడ ఎందుకొచ్చిందో చెప్పింది. కూతురు రాయచోటి ఆస్పత్రిలో ఉంది. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఇది రెండోది. నొప్పులు ముందురోజే మొదలయ్యాయి, డాక్టరమ్మ ఏమీ తేల్చి చెప్పడం లేదు.

"ఇంటికి పోతానంటే మా మామా, అదేనన్నా నేను పనిచేసే ఇంటామె, పంపీలేదు. ఆమె మంచిదే, కానీ ఇంటినిండా చుట్టాలు. ఈ ఒక్క శుక్రవారం ఇడిసిపెట్టింది. గుడికాడ పదకొండు సుట్లు తిరుగుతానని మొక్కుకున్యా. నువ్వు ఫోన్‌లో చెప్పినావు గదా గుడి ఉండాదని."

మిగతా దారంతా నేను సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాను.

కోట గేటు దగ్గర కాపలాదారు ఉంటాడు. ఈజిప్టు ముసలాయన, మెడలో విజిల్. నాగమ్మ సంచి తెరిపించాడు. పసుపు, కుంకుమ, కర్పూరం, అగ్గిపెట్టె, కొబ్బరికాయ. ఆయన ఒక్కొక్కటీ బయటికి తీస్తుంటే బాంబు విప్పేవాడిలా చూస్తున్నాడు. కొబ్బరికాయని చేతిలోకి తీసుకుని, దీన్ని తింటారా, కొడతారా అని నన్నడిగాడు. కొట్టి తింటారని చెప్పాను. దేన్ని పెట్టి కొడతారన్నాడు. రాయి మీద అన్నాను. నిజాయితీ అన్ని వేళలా పనికిరాదని కొత్తవాళ్ళు ఇక్కడ గమనించాలి. రాళ్ళ మీద ఏదన్నా పోసినా, వెలిగించినా, పగలగొట్టినా మీ కంపెనీకి ఈ గేటు ఖలాస్ అని చెప్పి, సంచి గేటు దగ్గరే ఉంచి, కొబ్బరికాయని మాత్రం నమ్మకం లేక తన చేతిలోనే ఉంచుకున్నాడు.

"మళ్ళా ఎవురూ కట్టలేదా!"

"గుడి యాడన్నా?" అంది నాగమ్మ, గుడి ముందు నిలబడి.

"ఇదే అమ్మా."

"ఇది పునాది గదన్నా. ఇంగా కట్టలేదా?"

"కట్టారు. కూలిపోయింది."

"ఎప్పుడు?"

"రెండు వేల ఏళ్ళయింది."

"మళ్ళా ఎవురూ కట్టలేదా!" అని నావైపు చూసింది, సిమెంటు డబ్బులు నేనే మింగేసినట్టు.

సామి ఎక్కడున్నాడని అడిగింది. ఇక్కడ తవ్వకాల్లో దొరికిన విగ్రహాలూ అవీ సిటీలో మ్యూజియంలో ఉన్నాయని చెప్పాను. 

"అయితే సామీ మన మాదిరేనన్నా. సొంతిల్లు ఒకసాట, ఉండేది ఇంకోసాట."

నేను గైడు చేసే పనే చేశాను, వల్లించిన పాఠం మొదలుపెట్టాను. గ్రీకు సైనికులు, నావికులు, వాళ్ళ దేవుళ్ళు; ఈ గుడి ఏ దేవుడిదో పండితులింకా తేల్చలేదు; ఆర్టెమిస్ అనే దేవతకి ఈ దీవిలో పూజలు జరిగేవని అంటారు; ఆవిడ వేటకి దేవత, గ్రీకు ఆడవాళ్ళు కాన్పులప్పుడు మొక్కుకునేది కూడా ఆవిడకే...

ఈ ముక్క నేను కొన్ని వందలసార్లు చెప్పి ఉంటాను. చెబుతున్నదేమిటో ఆ రోజే మొదటిసారి విన్నాను. నాగమ్మ అప్పటికే చెప్పులు విప్పేసింది.

"కాన్పుల తల్లంటనే!" అని వెనక్కి తిరిగి మిగతావాళ్ళకి చెప్పింది. అంతే. తాడు పక్కన చెప్పులు కుప్పపడ్డాయి. కడప వాళ్ళు, గోదారి వాళ్ళు అని తేడా లేదు. ఒకరు ప్రదక్షిణ మొదలుపెడితే పక్కన చేతులు కట్టుకుని నిలబడటం మనవాళ్ళకి చేతకాదు. రాజోలు నుంచి వచ్చిన తాతారావని ఒక వంటమనిషి, పడవలో నాస్తికత్వం గురించి అందరి బుర్రలూ తిన్నవాడు, ప్యాంటు మడిచి రెండోవాడుగా బయల్దేరాడు.

అందరూ బాణాలకి ఎదురు నడిచారు. నడవక తప్పదు. మనకి గుడి కుడి చేతి పక్కన ఉండాలి. అబూ సాలెం బోర్డులు ఎడమ పక్కన ఉంచమంటాయి.

పలక మీద

దారిలో ఒక తవ్విన గొయ్యి ఉంది, దాని మీద ఒక చెక్క పలక. ఒకసారికి ఒక్కరే దాటగలరు. ఆ పలక మధ్యలో నాగమ్మకి ఎదురుగా ఆ రోజు మాతోనే వచ్చిన ఇంకో గుంపు తగిలింది. ఇటలీ నుంచి వచ్చిన రిటైరైన టీచర్లు, బాణాల్ని బుద్ధిగా పాటిస్తూ వస్తున్నారు. ముందున్నావిడ ఆగింది. నాగమ్మ ఆగింది. వెనక మన గుంపు, అవతల వాళ్ళ గుంపు.

"నాగమ్మా, రెండడుగులు వెనక్కి వెయ్యమ్మా."

"ఎనక్కి ఏస్తే సుట్టు లెక్కకి రాదన్నా. మొదటినించి తిరగాల."

ఇటలీ ఆవిడ నన్ను సంగతేమిటని అడిగింది. ఆస్పత్రి సంగతి, మొక్కు సంగతి ఇంగ్లీషులో నాకొచ్చినంత చెప్పాను. ఆవిడ తన వాళ్ళకి చెప్పింది. వాళ్ళలో వాళ్ళు చేతులు తిప్పుకుంటూ కాసేపు మాట్లాడుకుని, అందరూ వెనక్కి తిరిగారు. తిరిగి ఊరుకున్నారా, మేమూ బూట్లు విప్పాలా అని అడిగారు.

"ఆయ్, ఇప్పెయ్యండి మేడమ్, ఏం పర్లేదండి," అని తాతారావు తెలుగులోనే చెప్పి, ఆవిడ బూట్లు తనే అందుకుని వరసలో పెట్టొచ్చాడు.

అబూ సాలెం వచ్చేసరికి ఇదీ దృశ్యం. తాడు పక్కన చెప్పుల గుట్ట. ఆయన బాణాలన్నిటికీ ఎదురుగా రెండు దేశాల జనం వట్టి కాళ్ళతో నడుస్తున్నారు. కాపలాదారు విజిల్ ఊదాలా వద్దా తెలియక, కొబ్బరికాయని గుండెకి హత్తుకుని నిలబడి ఉన్నాడు. పడవకి వేళయింది.

నన్ను ఏమన్నాడో ఇక్కడ రాయను. మొదటి వాక్యమే హిందీలో మొదలైందని చెబితే చాలు. తర్వాత నాగమ్మ మీదికి వెళ్ళాడు. ఆవిడ ఆగలేదు. మొక్కు మధ్యలో ఆగకూడదు. దాంతో ఆయన కూడా ఆవిడ పక్కనే నడుస్తూ అరవాల్సి వచ్చింది. వాళ్ళిద్దరి వెనక నేను పరుగులాంటి నడకతో, ఆయన కేకల్ని తెలుగులోకి, ఆవిడ మాటల్ని హిందీలోకి మారుస్తూ.

"బాబా," అంది నాగమ్మ, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు యజమానిని పిలిచినట్టే. "బింతీ ముస్తష్ఫా. బేబీ." కూతురు, ఆస్పత్రి. ఆ రెండు ముక్కలకీ నా అనువాదం అక్కర్లేకపోయింది. ఆయన గొంతు కొంచెం తగ్గింది. ఇక్కడ గుడీ లేదు, దేవుడూ లేడు, వట్టి రాళ్ళ చుట్టూ ఎందుకు తిరుగుతున్నావని అడిగాడు.

"సామి లేకపోతే ఏమి? ఇల్లు ఆయనదే గదా బాబా. యాడున్నా మనసంతా ఈడనే ఉంటాది. మనం ఉండలా?"

నేను అది హిందీలో చెప్పాను. బాగానే చెప్పాననుకుంటాను, ఎందుకంటే అబూ సాలెం ఆ తర్వాత ఏమీ అనలేదు. మలుపు తిరిగితే తూటాల ఇళ్ళు కనిపిస్తాయి, అటు చూశాడు. ఆవిడ పక్కనే నడిచాడు. నడిచి నడిచి ఒక చుట్టు పూర్తయిపోయింది, ఆయన గమనించనేలేదు.

"ఇంకా ఎన్ని?" అన్నాడు.

"ఇథ్నైన్ బాకీ, బాబా." ఇంకా రెండు.

ఆయన ఫోను తీసి పడవ కెప్టెనుకి ఆగమని చెప్పాడు. కెప్టెనుకి అర్థం కాలేదు. ఆ మాట ఆయన నోట ఎప్పుడూ విని ఎరగడు. సిగ్నలు బాలేదనుకుని ఏమన్నారు, ఏమన్నారు అని అడుగుతూనే ఉన్నాడు. చివరికి అబూ సాలెం అరిచాడు, దాంతో అతనికి నిజంగా ఓనరేనని నమ్మకం కుదిరింది. నావైపు తిరిగి, "చూస్తావేం? ఆమెకి నీళ్ళివ్వు" అన్నాడు.

నడి సముద్రంలో

తిరుగు ప్రయాణంలో నాగమ్మ మళ్ళీ నా పక్కనే కూర్చుంది. కాపలాదారు గట్టు దాకా వచ్చి తిరిగిచ్చిన కొబ్బరికాయ మళ్ళీ ఒళ్ళోకి చేరింది. మొక్కు తీరిపోయింది, ఇంక చెయ్యడానికేమీ లేదు, అదే ఎక్కువ కష్టంగా ఉన్నట్టుంది. మాటిమాటికీ ఫోను తీసి చూసుకుంటోంది. నాకూ భయం వేసింది. నా మెసేజీ విని వచ్చిన మనిషి. ఆ ఫోనులో చెడ్డ కబురు వస్తే ఈ పడవ మీద నేను ఆవిడకి ఏం చెప్పగలను?

సగం దూరం వచ్చాక ఫోను మోగింది. అల్లుడు. ఇంజను మోతలో ఏమీ వినబడటం లేదు. "అలో, అలో" అంటూ పడవలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగింది. స్పీకరు పెట్టింది. గరగర తప్ప ఏమీ లేదు.

అబూ సాలెం లేచి కెప్టెను దగ్గరికి వెళ్ళాడు. మరుక్షణం ఇంజను ఆగిపోయింది.

నడి సముద్రంలో ఇంజను ఆపితే పడవ ఎలా ఊగుతుందో మీకు త్వరలోనే తెలుస్తుంది. తాతారావు ఒక కడ్డీ పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇటలీవాళ్ళు ఒకరినొకరు పట్టుకున్నారు. ఆ నిశ్శబ్దంలో ఫోనులోంచి ముందు ఒక పసిబిడ్డ ఏడుపు వచ్చింది. ఆ తర్వాతే అల్లుడి గొంతు.

"అత్తా, పాప. ఇద్దరూ బాగుండారు."

నాగమ్మ ఫోనుని చెంపకి హత్తుకుంది. ఏడ్చింది. ఏడుస్తూనే అల్లుణ్ణి తిట్టింది: "ఇంతసేపా ఫోను చేసేదానికి! ఈడ మాకు పానం పోతాంటే!" ఇటలీవాళ్ళకి తర్జుమా చెప్పాల్సిన అవసరం రాలేదు, వాళ్ళూ ఏడుస్తున్నారు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఉప్పుగాలి అని చెప్పాను, ఎవరూ నమ్మలేదు.

కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలన్న సమస్య వచ్చింది. నా పడవలో కుదరదన్నాడు కెప్టెను. పడవ ఎవరిదన్నాడు అబూ సాలెం. తాళ్ళు కట్టే ఇనుప దిమ్మ ఉంటుంది కదా, దాని మీద నాగమ్మ ఒక్క దెబ్బకి కొట్టింది. నీళ్ళు సముద్రంలోకి పోయాయి. ముక్కలు అందరికీ పంచింది. అబూ సాలెం నమిలి, చక్కెర లేదా అని అడిగాడు. తర్వాత పాపకి ఫైలకా అని పేరు పెట్టమన్నాడు.

"మంచి పేరే బాబా," అంది నాగమ్మ మర్యాదగా. "కానీ దానికి పెండ్లి కావాల గదా."

నేను తర్జుమా చేశాను. ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే.

చివరి మాట

మరుసటి వారం దీవికి వెళ్ళేసరికి బోర్డులన్నీ తిరగేసి ఉన్నాయి. ఎవరు చేశారో అడగలేదు. తాడు పక్కన చెప్పులు పెట్టుకోవడానికి ఒక చెక్క బల్ల కూడా వచ్చింది. ఇప్పుడు ఏ దేశం వాళ్ళు వచ్చినా ఆ గుడిని కుడి చేతి పక్కన ఉంచుకునే చుట్టి వస్తున్నారు. బల్ల చూసి చాలామంది బూట్లు కూడా విప్పుతున్నారు. పడవ మాత్రం మళ్ళీ ఎవరికోసమూ ఆగలేదు. అబూ సాలెం కేకలు అలాగే ఉన్నాయి.

నాగమ్మ ఇంకా జాబ్రియాలోనే ఉంది. మనవరాలికి నడక వచ్చింది, ఫోనులోనే చూసింది. సెలవు దొరికిన శుక్రవారం పడవెక్కి వస్తుంది. గేటు దగ్గర కాపలాదారుకి కొబ్బరికాయ తనే అప్పజెప్పి, చెప్పులు బల్ల మీద పెట్టి, చుట్లు మొదలుపెడుతుంది. ఒకటి రెండుసార్లు ఇంటి గడప మీద కూర్చున్న అబూ సాలెం లేచి వచ్చి, ఆవిడ వెనక ఒక చుట్టు నడవడం చూశాను. బోర్డులు సరిగ్గా ఉన్నాయా లేదా చూస్తున్నానని చెప్పాడు.

కొత్తగా వచ్చేవాళ్ళకి నేను వదిలి వెళ్ళే సలహా ఇది ఒక్కటే. ఎప్పుడో ఒకరోజు బాగా చదువుకున్న యాత్రికుడు ఎవరో వచ్చి, మీ బాణాలు తిరగబడి ఉన్నాయి, పుస్తకాల్లో దారి ఇటు కాదు అటు అని చూపిస్తాడు. ఆయనకి వినయంగా థాంక్స్ చెప్పండి. నీడలో కూర్చోబెట్టి చల్లటి నీళ్ళివ్వండి. బాణాలు మాత్రం ముట్టుకోకండి.